మందు మార్చాలని మైళ్ళకొద్దీ పరుగెత్తిన డాక్టరు స్వామి

మీలో చాలామంది రిషికేశ్ వెళ్ళే ఉంటారు. రాఫ్టింగ్ చేసి, లక్ష్మణ ఝూలా దగ్గర ఫోటో దిగి, సాయంత్రం గంగా హారతి చూసి వచ్చేసి ఉంటారు. నేనూ మొదటిసారి అలాగే వచ్చేశాను. ఆ ఝూలా దగ్గర దాదాపు వందేళ్ళ కింద ఒక చిన్న ధర్మ వైద్యశాల ఉండేదని, దాన్ని నడిపిన సన్యాసి అంతకుముందు మలయాలో పేరున్న డాక్టరని అప్పుడు నాకు తెలియదు. వీడియోలో ఆయన యోగం, పుస్తకాలు, ఆశ్రమం గురించి చెప్పేసరికే టైమ్ అయిపోయింది. డాక్టరుగా ఆయన చేసిన చిన్న చిన్న పనులన్నీ మిగిలిపోయాయి. నిజానికి నాకు ఎక్కువ నచ్చింది అవే. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆయన స్వామి శివానంద సరస్వతి. పూర్వాశ్రమంలో పేరు కుప్పుస్వామి. 1887 సెప్టెంబరు 8న తిరునెల్వేలి దగ్గర పట్టమడైలో పుట్టారు. తామ్రపర్ణి ఒడ్డున ఉండే ఊరు అది. కోరగడ్డితో నేసే పట్టమడై చాపలు మీలో కొందరు వినే ఉంటారు. తండ్రి వెంగు అయ్యర్ ఎట్టయపురం సంస్థానంలో రెవెన్యూ ఉద్యోగి, గొప్ప శివభక్తుడు. తల్లి పార్వతి అమ్మాళ్. అద్వైత పండితుడు అప్పయ్య దీక్షితుల వంశం. పిల్లవాడు మాత్రం పూజగదిలో కూర్చునే రకం కాదు. ఆటలు, వ్యాయామం, కత్తిసాము అన్నీ కావాలి. కత్తిసాము నేర్పిన గురువు ఆ రోజుల్లో తక్కువ కులం అనేవాళ్ళలోంచి వచ్చినవాడు. ఆయన దగ్గర నేర్చుకోవడం ఏమిటని పెద్దవాళ్ళు అభ్యంతరం చెబితే, కుర్రాడు వెళ్ళి ఆ గురువు మెళ్ళో దండ వేసి సాష్టాంగపడి వచ్చాడట. పెద్దయ్యాక ఆయన రోగి మంచం దగ్గర ఎలా నిలబడ్డారో తెలియాలంటే ఈ సంగతి తెలియాలి.

తిరుచ్చిలో కాలేజీ అయ్యాక తంజావూరులో వైద్యం చదివారు. సెలవులు వస్తే మనం ఏం చేస్తాం? మర్నాడు పొద్దున్నకల్లా బస్సులో ఉంటాం. ఈయన ఇంటికి వెళ్ళేవారు కాదు. సెలవులన్నీ ఆసుపత్రిలోనే. ఆపరేషన్ థియేటర్‌లోకి ఎప్పుడైనా వెళ్ళే అనుమతి సంపాదించుకున్నారు. అంతలో తండ్రి పోయారు. ఇంటి పరిస్థితి మారింది. 1909లో తిరుచ్చి నుంచి అంబ్రోసియా అని ఒక వైద్య పత్రిక మొదలుపెట్టారు. పెట్టుబడి తల్లి ఇచ్చిన 100 రూపాయలు. మామూలు జనానికి ఆరోగ్యం గురించి తెలియాలని దాని ఉద్దేశం. నాలుగేళ్ళు నడిపారు కానీ అడిగిన వాళ్ళకల్లా ఊరికే కాపీలు పంచేస్తుంటే పత్రికలో ఏం మిగులుతుంది? లాభాల సంగతి ఎలా ఉన్నా, ఏదో పండుగ ఖర్చుకి తల్లికి 150 రూపాయలు కావలసి వస్తే మాత్రం తీసి ఇవ్వగలిగారు.

1913లో ఓడ ఎక్కి మలయాకు బయలుదేరారు. ఇప్పటి మలేషియా అన్నమాట. శాకాహారి కదా, ఓడలో ఏం తింటాడోనని తల్లి పెద్ద కుండ నిండా మిఠాయిలు చేసి ఇచ్చింది. ప్రయాణమంతా అవే ఆహారం. దిగేసరికి సగం ప్రాణం పోయింది. ఇప్పుడు అమెరికా వెళ్ళే పిల్లల సూట్‌కేసుల్లో పచ్చడి సీసాలు సర్దే అమ్మలను చూస్తే నాకు ఆ కుండే గుర్తొస్తుంది.

చేతిలో ఉద్యోగం లేదు. తెలిసిన డాక్టరుగారు రాసిచ్చిన ఒక ఉత్తరం ఉంది. ఆ ఉత్తరం పట్టుకుని సెరెంబాన్‌లో హెరాల్డ్ పార్సన్స్ అనే డాక్టరును కలిస్తే, ఆయన దగ్గరలోని రబ్బరు తోట మేనేజరు రాబిన్స్ దగ్గరికి పంపారు. మనిషి భారీ ఆకారం, ముక్కు మీద కోపం. ఆసుపత్రిని ఒక్కడివే నడపగలవా అని అడిగాడు. ఒకటేం, మూడైనా నడుపుతానన్నారు ఈయన. ఉద్యోగం వచ్చింది. 100 డాలర్లకు తక్కువైతే ఒప్పుకోవద్దని అక్కడి మనవాళ్ళు ముందే చెప్పి ఉంచారు. రాబిన్స్ 150 డాలర్లు ఇచ్చాడు. ఇంటర్వ్యూలో మనం కూడా ఇలాంటివి చెప్పిన వాళ్ళమే కదా! తేడా ఏమిటంటే ఈయన నిజంగానే నడిపారు. రోగులను చూడడం, మందులు కలిపి ఇవ్వడం, స్టాకు, లెక్కలు అన్నీ ఆయనే. పని భరించలేక ఒక దశలో రాజీనామా చేస్తానంటే రాబిన్స్ వదలలేదు.

ఇక్కడ ఆ తోటల గురించి కొంచెం చెప్పాలి. లేకపోతే ఆయన చేసిన దాని విలువ తెలియదు. మలయా రబ్బరు తోటల్లో కూలీలు ఎక్కువమంది దక్షిణాది వాళ్ళు. తమిళులు ఎక్కువ, మన తెలుగువాళ్ళు కూడా వేలల్లో ఉండేవారు. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు వెళ్ళాయి. కంగాణీ అనే మేస్త్రీ ఊళ్ళోకి వచ్చి ఓడ ఛార్జీ తానే పెట్టి తీసుకువెళ్తాడు. ఆ అప్పు తీరేదాకా తోటే లోకం. అడవి కొట్టి వేసిన తోటలు కాబట్టి దోమలు, మలేరియా. చెప్పుల్లేని కాళ్ళ నుంచి కొంకిపురుగు, రక్తహీనత. జబ్బు పడితే కూలి లేదు. కూలి లేకపోతే తిండి లేదు. తోట ఆసుపత్రి అనేది, మొహమాటం లేకుండా చెప్పాలంటే, మనిషిని బాగుచేసి మళ్ళీ చెట్ల దగ్గరికి పంపే చోటు.

అలాంటి చోట ఈ కుర్ర డాక్టరు ఏం చేశారంటే, పేదవాళ్ళ దగ్గర డబ్బు తీసుకోలేదు. అది చాలామంది మంచి డాక్టర్లు చేసేదే. ఈయన ఇంకొక అడుగు వేశారు. జబ్బు నయమై ఇంటికి వెళ్ళే రోగి చేతిలో తన జేబులోంచి కొంత డబ్బు పెట్టేవారు. డిశ్చార్జ్ అయిన మనిషి మర్నాడే పనికి పోలేడు కదా. ఆ నాలుగు రోజులు ఇల్లు గడవాలి, కాస్త మంచి తిండి తినాలి. మందుచీటీలో ఎవరూ రాయని సంగతి ఇది.

మా తాతయ్యను ఒక పెద్ద ఆసుపత్రిలో చేర్చినప్పుడు పక్క బెడ్ ఆయన్ని డిశ్చార్జ్ చేశారు. కాగితాలన్నీ అయిపోయినా వాళ్ళు సాయంత్రం దాకా కారిడార్‌లోనే కూర్చుని ఉన్నారు. ఎందుకో నాకు అర్థం కాలేదు. ఊరు చేరడానికి బండి ఖర్చు కోసం ఎవరికో ఫోన్ చేసి ఎదురు చూస్తున్నారని తర్వాత మా అమ్మ చెప్పింది. నేను పొద్దుట్నుంచీ అక్కడే లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. కుప్పుస్వామి డాక్టరు ఎందుకు డబ్బు చేతిలో పెట్టేవారో నాకు ఆ కారిడార్ గుర్తొస్తేనే అర్థమైంది.

ఒక రాత్రి సంగతి ఆయన జీవిత చరిత్రల్లో తరచుగా కనిపిస్తుంది. జోరున వాన. నిలువెల్లా తడిసిన ఒక నిరుపేద వచ్చి తలుపు తట్టాడు. భార్యకు నొప్పులు మొదలయ్యాయి. డాక్టరుగారు వెంటనే బయలుదేరి అతని గుడిసెకు వెళ్ళారు. ఆమెకు చేయవలసింది చేశారు. అంతటితో వచ్చేయవచ్చు. కాన్పు ఎప్పుడవుతుందో తెలియదు, లోపల మగవాళ్ళు కూర్చునేంత చోటు లేదు. ఆయన వెళ్ళలేదు. ఆ వానలోనే గుడిసె బయట ఉండిపోయారు. తల్లీబిడ్డా క్షేమమని తెలిశాకే, తెల్లవారి ఇంటికి బయలుదేరారు.

ఆ బయట నిలబడడం గురించి నేను చాలా ఆలోచించాను. వైద్యపరంగా చూస్తే ఆయన చేసిందేమీ లేదు, ఊరికే ఉన్నారు అంతే. కానీ ఆ భర్త వైపు నుంచి చూడండి. దేశం కాని దేశం, అర్ధరాత్రి, చేతిలో కానీ లేదు. లోపల భార్య కేకలు. పక్కన డాక్టరు తడుస్తూ నిలబడి ఉన్నాడు. ఆ రాత్రి ఆ మనిషికి దక్కిన ధైర్యం ఏ మందు ఇస్తుంది?

ఆయన్ని మరీ విరాగిగా ఊహించుకోకండి. ఆ రోజుల్లో ఆయనకు మంచి బట్టలన్నా, నగలన్నా సరదా. ఒక్కోసారి పది వేళ్ళకూ పది ఉంగరాలు పెట్టుకునేవారట! సంపాదన బాగుంది. ఎవరైనా కుర్రాళ్ళు పని లేక వస్తే ఆసుపత్రి పని నేర్పించి, చేతి ఖర్చుకి కొంత ఇచ్చి, వేరే తోటల ఆసుపత్రుల్లో ఉద్యోగాలు వేయించేవారు. సెరెంబాన్ దగ్గర ఏడేళ్ళు ఉన్నాక, సింగపూర్‌కు ఎదురుగా ఉండే జోహోర్ బహ్రూకు మారి మరో మూడేళ్ళు పనిచేశారు. రాత్రిళ్ళు రోగుల పక్కన మేలుకుని కూర్చోవడం రెండు చోట్లా ఉన్నదే. ఒకసారి ఒక సాధువుకు వైద్యం చేస్తే, ఆయన వెళ్తూ వెళ్తూ జీవబ్రహ్మైక్యం గురించిన ఒక చిన్న పుస్తకం ఇచ్చారు. అది చదివాక డాక్టరుగారిలో ఏదో కదిలింది. శరీరం బాగుచేస్తే రేపు మళ్ళీ జబ్బు పడుతుంది, మరి అసలు బాధకు మందేమిటి అనే ప్రశ్న పట్టుకుంది. 1923లో అన్నీ వదిలేసి ఇండియాకు వచ్చేశారు. సామాను ఒక స్నేహితుడి ఇంట్లో దింపి, సొంత ఊరికి కూడా వెళ్ళకుండా కాశీ దారి పట్టారు.

ఇక్కడ నాకు ఒక అనుమానం ఉండేది, దాచుకోను. ఆ తోట కూలీల సంగతేమిటి? డాక్టరు హిమాలయాలకు పోతే ఆయనకు మోక్షం దొరకవచ్చు, వాళ్ళకు క్వినైన్ ఎవరిస్తారు? మనలో చాలామందికి రాత్రి రెండింటికి ప్రొడక్షన్ ఇష్యూ వచ్చినప్పుడల్లా రిషికేశ్ పోదామనిపిస్తుంది. అది వైరాగ్యం కాదు, విసుగు. ఈయనది కూడా అలాంటిదేనా? తర్వాతి కథ చదివాకే నా అనుమానం తీరింది.

కాశీ తర్వాత మహారాష్ట్ర వైపు తిరిగారు. నాసిక్, త్ర్యంబకం, పండరీపురం. ఎక్కువ నడకే. చంద్రభాగ ఒడ్డున ధాలజ్ అనే పల్లెలో ఒక పోస్ట్‌మాస్టర్ ఇంట్లో కొన్ని నెలలు ఉండి వంట చేసిపెట్టారు, నీళ్ళు మోశారు. పదేళ్ళు ఆసుపత్రులు నడిపిన డాక్టరు! రిషికేశ్ వెళ్ళమని సలహా ఇచ్చింది ఆ పోస్ట్‌మాస్టరే. 1924 మేలో అక్కడికి చేరారు. జూన్ 1న విశ్వానంద సరస్వతి స్వామి సన్యాసం ఇచ్చారు. కుప్పుస్వామి పోయి శివానందులయ్యారు. గంగకు అవతలి ఒడ్డున స్వర్గాశ్రమంలో ఒక చిన్న కుటీరం. తిండి క్షేత్రంలో పెట్టే రొట్టెలు. గంటలకొద్దీ జపం, ధ్యానం.

మరి డాక్టరు? డాక్టరు ఎక్కడికీ పోలేదు. స్వర్గాశ్రమంలో సాధువులు ఎందరో జ్వరాలతో, విరేచనాలతో మూలుగుతూ గుడిసెల్లో పడి ఉండేవారు. బంధువులను వదిలేసి వచ్చినవాళ్ళు కాబట్టి మంచినీళ్ళు ఇచ్చే దిక్కు కూడా ఉండదు. ఈయన తన జపం పక్కన పెట్టి వాళ్ళ దగ్గరికి వెళ్ళేవారు. మందు ఇవ్వడం ఒక్కటే కాదు. లేవలేని వాళ్ళ కోసం క్షేత్రానికి వెళ్ళి భిక్ష తెచ్చేవారు, బట్టలు ఉతికేవారు, కాళ్ళు పట్టేవారు. కలరా, మశూచి రోగుల దగ్గర కూడా రాత్రంతా కూర్చునేవారు. సన్యాసం తీసుకున్నాక ఇక కర్మ దేనికి, ధ్యానం చాలు అనే మాట అప్పటి సాధువుల్లో గట్టిగా ఉండేది. ఈయన వాదించినట్టు కనపడదు. తన పని తాను చేసుకుపోయారు.

మలయా రోజుల్లో తీసుకున్న ఇన్సూరెన్స్ పాలసీ డబ్బు చేతికి వచ్చింది. సన్యాసికి ఇన్సూరెన్స్ డబ్బు దేనికి? 1927లో ఆ డబ్బుతో లక్ష్మణ ఝూలా దగ్గర సత్య సేవాశ్రమం పేరుతో ధర్మ వైద్యశాల తెరిచారు. ఆ చోటు ఎంచుకోవడంలో డాక్టరు బుర్ర కనిపిస్తుంది. బదరీ, కేదారం వెళ్ళే యాత్రికులు అటే పోవాలి. బస్సులు లేవు. పాత వంతెన 1924 వరదల్లో కొట్టుకుపోయింది, మనం ఫోటోలు దిగిన వంతెన 1930లో గానీ తెరుచుకోలేదు. వందల మైళ్ళు కొండదారిలో కాలినడక. వచ్చేవాళ్ళలో ముసలివాళ్ళు ఎక్కువ. తిరిగి వస్తామో రామో అని ఇంట్లో అప్పగింతలు పెట్టి బయలుదేరేవాళ్ళు. కాళ్ళు పగిలి, కడుపు చెడి, జ్వరంతో అక్కడికి చేరేవారు.

ఇక టైటిల్లో చెప్పిన సంగతి. ఒక సాయంత్రం ఒక యాత్రికుడు జబ్బుతో వచ్చాడు. స్వామీజీ మందు ఇచ్చారు, అతను తీసుకున్నాడు. తెల్లవారుజామునే తన దారిన బదరీ వైపు నడక మొదలుపెట్టాడు. మర్నాడు పొద్దున స్వామీజీకి తట్టింది, ఆ జబ్బుకి తను ఇచ్చిన దానికంటే మంచి మందు ఇంకొకటి ఉందని. ఇచ్చింది తప్పు మందు కాదు, గమనించండి. పనిచేసే మందే. ఇంకొంచెం బాగా పనిచేసేది గుర్తొచ్చింది, అంతే. ఆ సీసా పట్టుకుని కొండదారిలో పరుగెత్తారు. కొన్ని మైళ్ళు పోయాక ఆ మనిషి కనపడ్డాడు. మందు చేతిలో పెట్టి, ఎలా వేసుకోవాలో చెప్పి, వెనక్కి వచ్చారు.

నేను కోడ్ రాసేవాణ్ణి కాబట్టి నాకు ఇది ఇంకోలా తగులుతుంది. పని నడుస్తోందిగా, తర్వాతి రిలీజ్‌లో చూద్దాం అనే మాట రోజుకి పదిసార్లు అంటాం. ఆ యాత్రికుడి పేరు ఎవరికీ తెలియదు. మళ్ళీ కనపడడు. మందు మార్చలేదని ఎవరూ అడగరు. అయినా ఆయన పరుగెత్తారు.

మలయా కూలీల గురించి నా అనుమానం ఇక్కడే తీరిందని చెప్పాను కదా. ఆయన రోగులను వదిలి రాలేదు. జీతం వదిలారు, ఉంగరాలు వదిలారు. కొత్త రోగులు వేరే దారిలో వచ్చారు.

1934లో గంగ దాటి ఇవతలి ఒడ్డుకు వచ్చి, పశువుల కొట్టంలా పాడుబడి ఉన్న గదులను శుభ్రం చేసుకుని ఉండడం మొదలుపెట్టారు. అదే శివానంద ఆశ్రమమైంది. 1936లో డివైన్ లైఫ్ సొసైటీ. దాదాపు 300 పుస్తకాలు రాశారు, వాటి గురించి వీడియోలో చూశారు. ఆశ్రమంలో వైద్యశాల మాత్రం మొదట్నుంచీ ఉంది. 1943లో శ్రీధరరావు అనే యువకుడు వచ్చి చేరితే, దాన్ని ఆయనకు అప్పగించారు. తర్వాత స్వామి చిదానంద అయింది ఆయనే. మెడిసిన్ చదవకపోయినా ఆ ఆశ్రమంలో ఆయన్ని డాక్టర్ రావ్ అని పిలిచేవారు. ఒళ్ళంతా పుళ్ళతో, ఎవరూ దగ్గరికి రానివ్వని ఒక కుష్ఠురోగి వస్తే, ఆయన కోసం ఆశ్రమం ఆవరణలోనే చిన్న గుడిసె వేసి, రోజూ పుళ్ళు కడిగి కట్టు కట్టింది ఈ శిష్యుడే. అప్పట్లో కుష్ఠు అంటే సొంత పిల్లలే ఊరి బయట వదిలేసే రోజులు. గురువు వానలో నిలబడ్డ మనిషి కాబట్టి శిష్యుడికి అది వింతగా అనిపించి ఉండదు.

1950 జనవరిలో ఒక సాయంత్రం సత్సంగంలో ఒకతను గొడ్డలితో స్వామీజీ మీద దాడి చేశాడు. దెబ్బలు గురి తప్పాయి. పోలీసు కేసు వద్దన్నారు. అతనికి పండ్లు, పుస్తకాలు ఇచ్చి, క్షేమంగా ఇంటికి పంపే ఏర్పాటు చేయించారు. అదే ఏడాది దేశమంతా రెండు నెలలు యాత్ర చేసినప్పుడు హైదరాబాద్ కూడా వచ్చారు.

ఇంకొక సంగతి మన ఇంజనీర్ల కోసం. 1958లో డెహ్రాడూన్‌లో ఎయిర్ ఫోర్స్ సెలక్షన్‌కి వెళ్ళిన ఒక కుర్రాడికి తొమ్మిదో స్థానం వచ్చింది. తీసుకుంది ఎనిమిదిమందినే. పైలట్ కావాలన్న కల పోయింది. ఏం చేయాలో తోచక రిషికేశ్ చేరి, గంగలో స్నానం చేసి, ఈ ఆశ్రమానికి వచ్చాడు. స్వామీజీ దగ్గర కూర్చోబెట్టుకుని ఎందుకు దిగులుగా ఉన్నావని అడిగారు, చెప్పిందంతా విన్నారు. ఆ కుర్రాడి పేరు అబ్దుల్ కలాం. తన పేరు విని కూడా స్వామీజీలో ఏ మార్పూ కనపడలేదని ఆయన తన ఆత్మకథలో రాసుకున్నారు. అది కూడా రోగిని చూడడమే అనిపిస్తుంది నాకు.

చివరి ఏళ్ళలో మధుమేహం, నడుం నొప్పి ఆయన్నే రోగిని చేశాయి. 1963 జూన్‌లో పక్షవాతం వచ్చింది. జూలై 14 రాత్రి గంగ ఒడ్డున తన కుటీరంలోనే శరీరం వదిలారు.

ఆశ్రమం ఆసుపత్రి ఇప్పటికీ నడుస్తోంది. దానితో పాటు లక్ష్మణ ఝూలా దగ్గరలో, తపోవన్ వైపు, శివానంద హోమ్ అని ఒక ఇల్లు ఉంది. రోడ్డు పక్కన ఎవరూ లేక పడి ఉన్న రోగులను అక్కడికి తీసుకొస్తారు. కట్టు కడతారు, స్నానం చేయిస్తారు, తినిపిస్తారు. కొందరు కోలుకుని వెళ్ళిపోతారు. వెళ్ళడానికి ఇల్లు లేనివాళ్ళు అక్కడే ఉండిపోతారు. ఈసారి రిషికేశ్ వెళ్ళినప్పుడు ఝూలా దగ్గర నిలబడి బదరీ వైపు పోయే దారి ఒకసారి చూడండి. ఆయన సీసా పట్టుకుని పరుగెత్తింది అటే.